సిరా ముందు, కలము తరువాత



ఛందస్సు మీదనో, ప్రబంధాలలోని ఒకానొక ప్రయోగం మీదనో వ్రాసే అలవాటున్నవాడు ఉన్నట్టుండి మార్కరు కలముల మీద వ్రాయడానికి కూర్చుంటే మీకు వింతగా తోచవచ్చు. ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి చిత్రకారుల పనిముట్లతో ఏమి సంబంధమని అడిగినా తప్పు లేదు. ఆ సంబంధం మా యింటి గోడ మీద ఉన్నది. ముందు అది చెప్పి, తరువాత నా అభిప్రాయం మనవి చేస్తాను. ఒప్పుకోవడమూ, కాదనడమూ మీ ఇష్టం.

మా అమ్మాయి కూతురు విజయవాడలో భవన నిర్మాణ శాస్త్రం చదువుతున్నది. సెలవులకు శావల్యాపురం వచ్చిందంటే ప్రొద్దున్నే రైలు స్టేషనుకు పోయి, బల్ల మీద కూర్చుని, కంటికి కనిపించినదల్లా గీస్తుంది. మా స్టేషను చిన్నదే. గుంటూరు నుండి నంద్యాల పోయే దారిలో ఉన్నది. నడికుడి వైపు నుండి వేసిన క్రొత్త దారి వచ్చి కలిసిన తరువాత జంక్షను అనే గౌరవం కూడా దక్కింది. రైలు కోసం వచ్చినవాళ్ళు, మిరపకాయల బస్తాలు, బస్తాల మీద కునికే ముసలివాళ్ళు, ఇవే ఆమె బొమ్మలు. ఈ వేసవి మొదట్లో ఆమె నన్నొక కోరిక కోరింది.

"తాతయ్యా, చలికాలంలో మా వాళ్ళందరం అమరావతి, లేపాక్షి, హంపి తిరిగి బొమ్మలు వేసుకొస్తాం. ప్రయాణంలో పనికొచ్చే మంచి మార్కర్లు కొనిపెట్టవూ?"

కొనిపెడతానని చెప్పబోతూ తలయెత్తి గోడ వైపు చూశాను. మాట నోట్లోనే ఆగిపోయింది.

ఆ గోడ మీద ఆమె వేసిన బొమ్మే ఉన్నది. 2018 వేసవిలో, పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, తన అమ్మమ్మ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని వేసింది. ఆకుపచ్చ చీర, ఎఱ్ఱ అంచు, నుదుట బొట్టు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. నేనే వినుకొండ నుండి తెచ్చి ఇచ్చిన స్కెచ్ పెన్నుల పెట్టెతో వేసింది. ఆవిడ మురిసిపోయి చట్రం కట్టించమన్నది. కట్టించి, వచ్చినవారందరికీ కనిపించాలని తూర్పు వాకిటికి ఎదురుగా తగిలించాను. ప్రతి ప్రొద్దుటి ఎండా ఆ బొమ్మ మీద పడేది. 2021లో ఆవిడ కాలం చేసింది. ఆ తరువాత ఒకనాడు చూచుకుంటే బొట్టు లేదు. ఎఱ్ఱ అంచు లేదు. ఆకుపచ్చ చీర పాలిపోయిన పసుపుగా మారింది. నల్లగీతలు ఎండుటాకు రంగుకు తిరిగాయి. బొమ్మను ఎవరూ ముట్టలేదు, తడి తగలలేదు, చెదపురుగు పట్టలేదు. సిరా తనంతట తానే వెలిసిపోయింది.

అందుచేత మనుమరాలితో, "వేసవి పూర్తయ్యేదాకా ఆగమ్మా, తెలుసుకుని కొంటాను" అన్నాను. ఈ రెండు మూడు నెలలలో తెలుసుకున్నదాని సారాంశం ఒక్క మాటలో ఇది: ఊరూరు తిరిగి బొమ్మలు వేసేవారు ముందుగా ఎంచుకోవలసినది కలమును కాదు, సిరాను. సిరాకు తగిన కలము తరువాత దొరుకుతుంది. మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తిరుగుడు. అంగడిలో కలము అందం చూసి, మూత చూసి, పెట్టెలో ఎన్ని రంగులున్నాయో లెక్కపెట్టి కొంటున్నాము. లోపల ఉన్నదేమిటో అడగడం లేదు.

మన పెద్దలకు ఈ వివేకం ఉండేదనడానికి మన మాటలే సాక్ష్యం. మసి అంటే మనకు కుండకు అంటిన నలుపు, దీపపు పొగ నలుపు. సంస్కృతంలో మసి అన్నా, మషి అన్నా వ్రాసే సిరాయే. దానిని పోసి ఉంచుకునే పాత్రను తెలుగువారు మసిబుర్ర అన్నారు. తాటాకు మీద వ్రాసే గంటములోనైతే అసలు సిరాయే ఉండదు. అది ఆకును గీరుతుంది, అంతే. వ్రాత అయిన తరువాత ఆకు మీద మసి రుద్ది తుడిచివేస్తే, గీతలలో నిలిచిన మసి అక్షరమవుతుంది. గంటము ఎవరిదైనా కావచ్చు, మంచిదైనా చెడ్డదైనా కావచ్చు. శతాబ్దాల తరువాత మనం ఆ తాటాకును చదువుతున్నామంటే ఆ పుణ్యం మసిది. మసి అంటే బొగ్గుపొడి. బొగ్గును ఎండ ఏమీ చేయలేదు.

ఇక్కడ శాస్త్రం కొంచెం చెప్పవలసి వస్తున్నది. నేను విజ్ఞానశాస్త్రం చదువుకున్నవాడిని కాను కనుక నాకు అర్థమైన రీతిలోనే చెబుతాను. కలములో పోసే రంగులు రెండు జాతులు. నీళ్ళలో బెల్లం వేస్తే కరిగిపోతుంది. ఎంతసేపు ఉంచినా అడుగున పేరుకోదు. కొన్ని రంగులు సిరాలో అలా కరిగి ఉంటాయి. వీటిని ఆంగ్లంలో డై అంటారు. నీళ్ళలో సున్నం కలిపితే కరగదు. కలియబెట్టినంతసేపు తెల్లగా ఉండి, వదిలేస్తే అడుగుకు చేరుతుంది. కొన్ని రంగులు సిరాలో అలా పొడిగానే తేలుతూ ఉంటాయి. వీటిని పిగ్మెంట్ అంటారు. కరుగు రంగు మెరుస్తుంది, సన్నని పాళీలో సులువుగా పారుతుంది, చవకగా వస్తుంది. కానీ కాగితం మీద దాని రేణువులు విడివిడిగా ఎండకు చిక్కుతాయి. ఎండ వాటిని విరగగొడుతుంది. పొడి రంగులో రేణువులు గుట్టగా ఉంటాయి. పైది చెడినా లోపలిది నిలుస్తుంది. అన్ని కరుగు రంగులూ ఒకే వేగంతో పోవు, అన్ని పొడి రంగులూ శాశ్వతం కావు. అయినా బడిపిల్లల స్కెచ్ పెన్నులలో ఉండేది సాధారణంగా మొదటి జాతి. మా గోడ మీది బొమ్మ కథ అంతా ఇంతే.

మరి కరుగు రంగులతోనే వేసే కలంకారీ ఎలా నిలుస్తున్నదని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడిగాను. ఆ సమాధానం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. మా ఊరి మీదుగా వేస్తున్న క్రొత్త రైలు దారి చివరికి చేరవలసినది శ్రీకాళహస్తికే. అక్కడి చిత్రకారుల కలము చూడండి. వెదురు పుల్ల కొన చెక్కి, కొనకు కొంచెం పైన ఉన్నినో గుడ్డ పీలికనో చుట్టి దారంతో బిగిస్తారు. దానిని రంగులో ముంచితే ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది. గీసేటప్పుడు వ్రేళ్ళతో మెల్లగా నొక్కుతూ ఉంటే రంగు కొనకు దిగుతుంది. నేటి మార్కరు కలమును విప్పి చూడండి. లోపల సిరా పీల్చుకున్న దూది వంటి చుట్ట, దాని కొనకు నార పాళీ. సూత్రం ఒక్కటే. పైన ప్లాస్టిక్ గొట్టమూ మూతా వచ్చాయి. మళ్ళీ మళ్ళీ నింపుకునే మార్కరు కలము మనకు క్రొత్తది కాదనడానికి ఇంతకంటే ఏమి కావాలి?

అయితే శ్రీకాళహస్తి గొప్పతనం కలములో లేదు. గుడ్డను కరక్కాయ కషాయంలో, పాలలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లపు నీళ్ళలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన నీరే వారి నల్లరంగు. కలములో ఉన్నప్పుడు అది నలుపుగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డకు తగిలిన తరువాతనే నల్లబడుతుంది. అంటే రంగు గుడ్డ పైన పూసినది కాదు, నూలు పోగులలోనే పుట్టినది. ఎఱుపుకు పటిక పట్టించి, ఆ తరువాత వేళ్ళ రంగులో ఉడికిస్తారు. ఎన్నో దినాల శ్రమ అది. అదంతా సిరాను నిలబెట్టడానికే. కలమా? పుల్ల అరిగితే మళ్ళీ చెక్కుకుంటారు.

ఆ కలమునే పట్టుకుని రైలెక్కమని నేను అనను. ఒక్కసారి ముంచితే వచ్చే గీత కొద్ది దూరమే. ప్రక్కన రంగు గిన్నె ఉండాలి, కదలని చోటు ఉండాలి. మన చిత్రకారిణికి చొక్కా జేబులో పట్టేది, బస్సులో ఒలకనిది, లేపాక్షి మండపంలో నేల మీద కూర్చుని ఒంటి చేత్తో తీసుకోగలిగేది కావాలి. కనుక ఆ సూత్రం చాలు, ఆ వస్తువు వద్దు.

నింపుకునే కలములంటే మన తరానికి ఫౌంటెన్ పెన్నులే గుర్తుకు వస్తాయి. స్వదేశీ ఉద్యమం పిలుపునకు బదులుగా రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు 1932లో ఎబొనైటు కలములు చేశారు. గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ లేఖ వ్రాశారు. గట్టి రబ్బరు కడ్డీని తరిమెన మీద చెక్కి చేసే ఆ కలములో వేరే గొట్టం ఉండదు. కలము కడుపంతా సిరాయే. ఒకసారి నింపితే వారాలు వచ్చేది. పాడైతే బాగుచేయించుకునేవాళ్ళం, పాళీ మార్పించుకునేవాళ్ళం. తాత కలముతో మనుమడు పరీక్ష వ్రాసిన ఇళ్ళు మన వైపు ఎన్నో.

ఆ తరువాత ఏమి జరిగింది? 1962లో జపానులో యుకియో హోరియే అనే ఆయన నార పాళీ కలమును రూపొందించారు. తేలిక, చవక, ఎటు తిప్పినా వ్రాస్తుంది, ఒలకదు. అది గొప్ప సౌకర్యమే. కాదని నేను అనను. కానీ లోపలి చుట్ట ఎండిపోయిన తరువాత దానిని విప్పే దారి చాలా కలములకు ఉంచలేదు. నా ఉద్యోగపు చివరి ఏళ్ళలో నల్లబల్లల ప్రక్కన తెల్లబల్లలు వచ్చాయి. సుద్దముక్క అరిగితే అరిగింది, చేతికి మిగిలేది పిండే. తెల్లబల్ల కలములు మాత్రం నెలకొక గుప్పెడు చెత్తబుట్టలో పడేవి. వాటిలో నింపుకునే రకాలు కూడా ఉన్నాయి, సిరా విడిగా అమ్ముతారు. నేను అడిగి తెప్పించేలోగా ఎవరో క్రొత్త కలముల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేవారు. నింపడం చేతకాక కాదు, నింపే అలవాటు తప్పిపోయింది.

నేనూ ఒక పొరపాటు చేశాను, అదీ చెప్పాలి. రెండేళ్ళ క్రితం మనుమరాలు బొమ్మలు వేసుకునే పుస్తకం పట్టుకుని రైలెక్కుతుంటే, "ఈ పారవేసే కలములెందుకు?" అని నా పాత ఫౌంటెన్ పెన్ను గర్వంగా చేతిలో పెట్టాను. అది సగం ఖాళీగా ఉన్నది. మే నెల, కిటికీ ప్రక్క సీటు. దొనకొండ దాటకముందే మూడు పుటల బొమ్మలు నీలిమడుగులయ్యాయి. కారణం తరువాత తెలిసింది. కడుపంతా సిరా పోసే కలములో సిరా తగ్గినకొద్దీ గాలి చేరుతుంది. చేతి వేడికీ, ఎండ వేడికీ ఆ గాలి ఉబ్బి సిరాను పాళీలోకి తోస్తుంది. నిండుగా ఉన్నప్పుడు ఆ ప్రమాదం తక్కువ, సగానికి దిగినప్పుడు ఎక్కువ. తప్పు కలముది కాదు, తెలియక సలహా చెప్పిన తాతది. ఆ అమ్మాయి నన్నేమీ అనలేదు. మరుసటి వారం స్కెచ్ పెన్నులు మళ్ళీ కొనుక్కున్నది. అదే నాకు తగిన జవాబు.

కనుక నేడు అంగడిలో, అంతర్జాలపు అంగడిలో దొరికే నింపుకునే కలములలో ప్రయాణానికి ఏది తగునో నా బుద్ధికి తోచినంత చెబుతాను.

మొదటివి స్పిరిటు సిరా మార్కర్లు. చిత్రకారులు ఎక్కువగా చెప్పుకునే కోపిక్ అనే జపాను కలములు 1987 నుండి ఉన్నాయి. సిరా విడిగా సీసాలలో వస్తుంది, అరిగిన పాళీ లాగి క్రొత్తది పెట్టుకోవచ్చు, గొట్టం ఏళ్ళ తరబడి ఉంటుంది. నింపుకునే గుణంలో వీటికి వంక పెట్టలేము. రంగు మీద రంగు వేస్తే అతుకు కనిపించకుండా కలుస్తుంది. కానీ సిరా కరుగు రంగు. తయారైన బొమ్మను అచ్చు వేయించేవారికి, ప్రతి తీసుకుని దాచుకునేవారికి చింత లేదు. గోడకు తగిలించేవారికి తగదు. పైగా కాగితం వెనుకకు దిగుతుంది, అందుచేత పుస్తకంలో ఒక ప్రక్కనే వేయాలి. మూత సరిగా పడకపోతే మన పల్నాటి ఎండకు స్పిరిటు ఎగిరిపోతుంది. రెండు వైపులా పాళీలు ఉన్నవాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచాలి. మరొక సంగతి, ఈ కలములు 358 రంగులలో ఉన్నాయి. నింపుకునే కలము కొన్నామనే తృప్తితో రంగు తరువాత రంగు కూడబెట్టుకుంటూ పోతే మనం పొదుపు చేసినదేమీ లేదు.

రెండవవి ఆక్రిలిక్ రంగు మార్కర్లు. జర్మనీ వారి మొలొటోవ్ వంటివి నింపుకోదగినవి. ఉత్త ఖాళీ గొట్టాలు కూడా అమ్ముతారు, మనకు నచ్చిన సిరా మనమే పోసుకోవచ్చు. వీటిలో ఉండేది పొడి రంగు. ఆరిన తరువాత నీళ్ళకు కరగదు. సున్నపు నీళ్ళ వలెనే అడుగుకు చేరుతుంది కనుక వాడే ముందు బాగా కుదపాలి. పాళీ మీద ఆరిపోతే గట్టిపడుతుంది, అప్పుడు పాళీ కడగాలి లేక మార్చాలి. రంగులు కలిసిపోయే సొగసు స్పిరిటు కలములంత రాదు. కానీ రాతి మీది ఎండనూ, గోడ మీది సున్నాన్నీ, చీర అంచునూ గట్టిగా చెప్పగలవు. రంగు కోసమైతే నా మొగ్గు వీటి వైపే.

మూడవది పొడి నల్లసిరా పోసిన ఫౌంటెన్ పెన్ను. ప్లాటినం వారి కార్బన్ బ్లాక్ వంటి సిరాలు ఫౌంటెన్ పెన్నుల కొరకే చేసినవి. మన మసియే మరింత మెత్తగా నూరి సీసాలో పోశారనుకోండి. ఎండకు వెలవదు, ఆరిన తరువాత తడికి చెదరదు. కడుపంతా సిరా పోసే కలము కాక, లోపల చిన్న గొట్టం ఉండే రకం తీసుకుని, ప్రయాణంలో పాళీ పైకి ఉండేటట్లు పెట్టుకుంటే నేను చేసిన అనర్థం చాలావరకు తప్పుతుంది. ఒక హెచ్చరిక. ముంచి వ్రాసే పాళీల కొరకు అమ్మే లక్క కలిసిన నల్ల డ్రాయింగు సిరాను పొరపాటున కూడా ఇందులో పోయకండి. అది గట్టిపడితే కలము ఇక దక్కదు. వారాల తరబడి వాడకుండా ఉంచేటప్పుడు పొడి సిరా కలమును నీళ్ళతో కడిగి పెట్టాలి.

నాలుగవది నీటి కుంచె. గొట్టంలో నీళ్ళు, కొనకు కుంచె, ప్రక్కన రంగు బిళ్ళల చిన్న డబ్బా. ఇది మార్కరు కాదని అభ్యంతరం చెప్పేవారు చెప్పవచ్చు. కానీ నింపుకునే కలముల పరీక్షలో దీనికే మొదటి బహుమతి ఇస్తాను. ఎందుకంటే ఇందులో నింపవలసినది ఏ స్టేషనులోనైనా కుళాయి తిప్పితే వస్తుంది.

ఈ నాలుగింటినీ తూచడానికి నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఒకటి, సిరా కాగితం మీద నిలుస్తుందా? రెండు, అయిపోయిన సిరా మళ్ళీ నాకు అందేచోట దొరుకుతుందా? మూడు, కలమును పనిముట్లు లేకుండా విప్పి, నింపి, పాళీ మార్చుకోగలనా? వరుస కూడా ముఖ్యమే. కలము మీద నింపుకోదగినది అని అచ్చు వేసి ఉన్నా, దాని సిరా కోసం రెండు వారాలు ఎదురుచూడవలసి వస్తే, హంపిలో రంగు అయిపోయిన పిల్లకు అది నింపుకునే కలము కాదు, పారవేయలేని బరువు మాత్రమే. వినుకొండలోనో, నరసరావుపేటలోనో దొరికే సిరా అయితే ఉత్తమం. లేకపోతే చిన్న సీసా ముందే తెప్పించుకుని, మూత బిగించి, రెండు సంచులలో చుట్టి వెంట తీసుకుపోవాలి.

మొదటి ప్రశ్నకు జవాబు పెట్టె మీద దొరకవచ్చు. పిగ్మెంట్ అనీ, లైట్‌ఫాస్ట్ అనీ వ్రాసి ఉన్నదేమో చూడండి. శాశ్వతం అనే అర్థంలో పర్మనెంట్ అని ఉంటే నమ్మకండి. నీళ్ళకు పోదని చెప్పడమే వారి ఉద్దేశం, ఎండ సంగతి అందులో లేదు. ఎండకు రంగు నిలుకడను కొలవడానికి బ్లూ ఊల్ అనే పద్ధతి ఒకటున్నది. నీలిరంగు వేసిన ఎనిమిది ఉన్ని పీలికలు, ఒకదానికంటే ఒకటి ఎక్కువకాలం నిలిచేవి, పరీక్షించే రంగుతో పాటు ఎండలో ఉంచి పోల్చుతారు. మనకు అంత అక్కరలేదు. మనుమరాలూ నేనూ ఒక పొడుగాటి కాగితం మీద దొరికిన ప్రతి కలముతోనూ ఒక గీత గీసి, ప్రక్కన పేరు వ్రాసి, సగం భాగం అట్టతో కప్పి, దక్షిణపు కిటికీకి అంటించాము. రెండు నెలల పల్నాటి ఎండ చాలింది. అట్ట తీసేసరికి బడి స్కెచ్ పెన్నుల గులాబీ, ఊదా దాదాపు లేవు. స్పిరిటు రంగులు కొన్ని బాగానే ఉన్నాయి, కొన్ని పాలిపోయాయి. ఆక్రిలిక్ రంగులలో, బొగ్గు నలుపులో కప్పిన సగానికీ కప్పని సగానికీ భేదం నా కళ్ళకు తెలియలేదు. ఖర్చు ఒక కాగితం ముక్క. ఇంట్లో బొమ్మలు వేసే పిల్లలున్నవారు తప్పక చేసి చూడండి.

మా అమ్మాయి మాత్రం నాతో ఏకీభవించలేదు. "చదువుకునే పిల్ల నాన్నా. వందల బొమ్మలు వేస్తుంది, వందల బొమ్మలు చింపేస్తుంది. ప్రతిదీ వందేళ్ళు నిలవాలంటే భయపడి ఒక్కటీ వేయదు" అన్నది. ఆలోచించవలసిన మాటే. అభ్యాసానికి చవక కలము మంచిదేనని ఒప్పుకున్నాను. పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళం మనం, చెరిపివేయడానికే దిద్దాము. కానీ ఏ బొమ్మ అభ్యాసమో, ఏ బొమ్మ దాచుకోవలసినదో వేసేనాడు తెలియదు. వసారాలో చింతపండు గింజలు తీస్తున్న మనిషి బొమ్మ వేసిననాడు అది సెలవుల ఆటే. మూడేళ్ళకు ఆ యింట్లో దానికంటే విలువైన వస్తువు లేకుండా పోయింది. ఊరూరు తిరిగి వేసే బొమ్మలకు ఇది మరీ వర్తిస్తుంది. ఆ స్టేషను బల్ల, ఆ చెట్టు, ఆ ముసలాయన మళ్ళీ పోయేసరికి ఉంటారన్న నమ్మకం లేదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు బోర్డులు వ్రాసేవాడు. వినుకొండ అంగళ్ళ పేర్లు, కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభల మీది బొమ్మలు అతని చేతివే ఎన్నో ఉండేవి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు బడి గోడలకూ గుడి గోడలకూ బొమ్మలు వేస్తూ ఊళ్ళు తిరుగుతున్నాడు. మొన్న కనిపిస్తే ఈ గొడవంతా చెప్పాను. నవ్వి, "బ్రష్షుదేముంది మాస్టారూ, అరిగితే ఇంకోటి కొంటాం. రంగు వెలిసిపోతే గోడగలాయన మళ్ళీ మన మొహం చూడడు" అన్నాడు. నేను మూడు నెలలు పట్టి తెలుసుకున్నది అతనికి ముప్పయ్యేళ్ళుగా తెలుసు. అడగవలసినవాణ్ణి ముందే అడిగితే పోయేది.

చివరికి కొన్నది ఇది. పొడి నల్లసిరా ఒక సీసా, దానికి తగిన సామాన్యమైన ఫౌంటెన్ పెన్ను ఒకటి. ఆక్రిలిక్ సిరాలు ఐదు రంగులు, వాటికి ఖాళీ మార్కరు గొట్టాలు ఐదు, విడి పాళీలు కొన్ని. నీటి కుంచె ఒకటి. అన్నీ కలిపి ఒక కళ్ళజోడు పెట్టెలో పట్టాయి. సీసాలు ఇంటి దగ్గరే ఉంటాయి, ప్రయాణానికి నిండిన కలములే పోతాయి. అరవై రంగుల పెట్టె కావాలనుకున్న పిల్ల ఐదు రంగులు చూసి మొదట చిన్నబుచ్చుకున్నది. రెండు రోజులు స్టేషనులో కూర్చుని వచ్చి, ఐదుతో చాలా వస్తున్నాయని తానే అన్నది.

ఆ సాయంత్రమే ఆమె గోడ మీది చట్రం దించి వెలుతురులో పెట్టి చూస్తూ నన్ను పిలిచింది. "తాతయ్యా, ఇటు రా. పెన్సిల్ గీతలు అలాగే ఉన్నాయి!" అన్నది. నేను ఇన్నాళ్ళూ గమనించలేదు. రంగులు వేసే ముందు ఆ పన్నెండేళ్ళ పిల్ల సన్నగా పెన్సిలుతో గీసుకున్నది. రంగు పోయినకొద్దీ ఆ గీతలు బయటపడ్డాయి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, గింజ తీస్తున్న వ్రేళ్ళు, అన్నీ ఉన్నాయి. పెన్సిలు ములుకు గ్రాఫైటు, అదీ బొగ్గు జాతిదే.

వాటి మీద సిరాతో దిద్దనా అని అడిగింది. వద్దన్నాను. ఆ కాగితాన్ని ఎండ తగలని పెట్టెలో దాచి, దానిని చూస్తూ వేరే కాగితం మీద క్రొత్తగా వేయమన్నాను. ఇప్పుడు వసారాలో కూర్చుని ఆ పనే చేస్తున్నది. చీర ఆకుపచ్చే అయినా ఏ ఆకుపచ్చ అని మధ్యలో నన్ను అడుగుతున్నది. నాకు తెలిసినంత చెబుతున్నాను. ఈసారి చట్రాన్ని తూర్పు వాకిటికి ఎదురుగా తగిలించను.

మీలో బొమ్మలు వేసేవారు, వేసే పిల్లలున్నవారు ఏ సిరా వాడుతున్నారో, ఎన్నేళ్ళు నిలిచిందో తెలియజేస్తే సంతోషిస్తాను. కలము పేరు చెప్పకపోయినా పరవాలేదు.